పండత్త, పండని గెలలు

మా ఊళ్ళో మొట్టమొదట అరటిపండు తిన్న మనిషి మా నాన్న. తొక్కతో సహా తిన్నాడు.

ఆయన దర్జీ, అరటిచెట్టు మొలవని చలిదేశంలో ఒక చిన్న రేవు ఊళ్ళో. రేవులో ఆగిన ఓడలో వంటవాడొకడు చిరిగిన కోటు కుట్టించుకుని, వెళ్తూ వెళ్తూ రెండు పళ్ళు బల్లమీద పెట్టాడు. కొట్లో బేరస్తులు కూర్చుని ఉన్నారు. కొత్త వస్తువును చూసి తెల్లబోవడం పెద్దమనిషి లక్షణం కాదని మా నాన్న నమ్మకం. అందుకని ఆయన పండు చేతిలోకి తీసుకుని, నల్లటి కొన దగ్గర మొదలుపెట్టి, నిదానంగా చివరిదాకా నమిలి మింగాడు. ఎలా ఉందని ఎవరో అడిగితే, "బాగుంది. కాస్త పీచు. నమలగా నమలగా అలవాటవుతుంది," అన్నాడు. బేరస్తుల్లో ఒకాయన తలూపి, పీచు సంగతి తానూ విన్నానని చెప్పాడు.

రెండో పండు మా మేనత్త తీసుకుంది. ఆమె మా నాన్నకి చెల్లెలు. కొట్టు వెనక గదిలో కూర్చుని గుండీలు కుట్టేది. పండును అటూ ఇటూ తిప్పి చూసి, బఠాణీకాయ ఒలిచినట్టు సర్రున తొక్క లాగేసింది. గుమ్మం దగ్గరే నిలబడి ఇదంతా చూస్తున్న వంటవాడు, "ఈ ఊరికి ఒక్కరైనా ఉన్నారు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేను అప్పటికి పుట్టలేదు. ఈ కథలో కొంత మా అమ్మ చెప్పింది, కొంత మా మేనత్త చెప్పింది. మా నాన్నని అడిగితే ఆ రోజు కొట్టుకి సెలవన్నాడు.

వంటవాడి నోటి చలవ వల్ల ఓడల ఏజెంటు మా కొట్టుకి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు మాట్లాడే మనిషి.

"కాయలు పచ్చిగా ఉండగానే కోస్తారమ్మా," అన్నాడు మా మేనత్తతో. "ఓడలో చల్లటి అరల్లో నిద్రపుచ్చి తెస్తారు. దిగిన చోట వెచ్చటి గదిలో పెట్టి లేపాలి. ప్రపంచంలో ఏ రేవులో అలాంటి గది ఉంటే ఆ ఊరు ఈ పండు మరిగిపోతోంది. మీ ఊళ్ళో గదీ లేదు, తినడం వచ్చినవాళ్ళూ లేరు."

"తినడం నాకొచ్చు," అంది మా మేనత్త. "గది మా కొట్టు కిందే ఉంది. ఎలకల్ని ఖాళీ చేయిస్తే సరి."

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడంటాం కదా. మా మేనత్త ఉద్యోగమే అది. నేలమాళిగలో దూలాలకు పచ్చిగెలలు వేలాడదీసి, మూల ఒక కిరసనాయిలు స్టవ్ వెలిగించి, తలుపు మూసేది. కొన్నాళ్ళకి గెలలు పసుపు తిరిగేవి. వాటిని వీధిలోకి తెచ్చి, బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఒలిచి చూపించేది. ఊరు ఆమెకి పండత్త అని పేరు పెట్టింది. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలిచేవాళ్ళు.

ఊరు నేర్చుకోవడానికి కాస్త టైం పట్టింది. బడిపంతులు గారు ఉడకబెట్టి చూశారు. పోస్టుమాస్టరు పండును పంట్లాం వెనక జేబులో పెట్టుకుని, ఆ సంగతి మరిచి, ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నారు. ఆ రోజంతా లేవకుండా పనిచేశారని మంచి పేరొచ్చింది. వీధి చివర ముసలావిడ ఒకామె పళ్ళు తిని, తొక్కలు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పాల సీసాల్లాగా తిరిగి తెచ్చి ఇచ్చింది. మా మేనత్త వాటిని తీసుకుని థాంక్స్ చెప్పింది. ఎవర్నీ చిన్నబుచ్చేది కాదు. చేతులు కడుక్కోని పనివాళ్ళు తొక్క పట్టుకుని తినొచ్చనీ, పళ్ళు రాని పాపలకీ, పళ్ళూడిన తాతలకీ ఒకటే ముద్ద సరిపోతుందనీ ఊరికి మెల్లిమెల్లిగా తెలిసొచ్చింది.

కానీ ఇంట్లో ఇంకో లెక్క నడుస్తోంది. మా నాన్నకి చెల్లెలి పెళ్ళి బెంగ. పక్కవీధిలో గడియారాలు బాగుచేసే ఆయన ఆమెని అడిగి ఉన్నాడు. ఆయన మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే కాదనడానికి ఒక కారణం దొరికేది. మా మేనత్తకి ఆయన మీద కోపం లేదు, ఇష్టమూ లేదు. ఆమెకి ఇష్టమైనదల్లా ఆ గది, పొద్దున్నే తాళం తీసి లోపలికి వెళ్ళగానే తగిలే ఆ వెచ్చదనం.

"ఆయన ఎన్నాళ్ళని కూర్చుంటాడు చెల్లీ?" అనేవాడు మా నాన్న.

"కూర్చోమని నేను కుర్చీ వేశానా అన్నయ్యా?"

ఇలా ఉండగా ఒక రోజు ఏజెంటు మెట్లమీద తడబడుతూ దిగొచ్చాడు. ఓడ కంపెనీ పెద్దాయన స్వయంగా వస్తున్నాడట. బడిపిల్లల ఆటల పోటీల రోజున ఊరందరికీ కంపెనీ తరఫున పళ్ళు పంచుతారట. గది నిండా సరుకు దింపుతున్నారు. ఆ పళ్ళు బాగుంటే ఓడ ఇకమీదట ప్రతిసారీ మన రేవులో ఆగుతుంది, పెద్ద గోదాము కడతారు, దాని పెత్తనం మా మేనత్తది. బాగాలేకపోతే ఓడ ఇటు తిరగకుండా పెద్ద రేవుకి పోతుంది. ఈ గది మళ్ళీ ఎలకలది.

మా నాన్న పైనుంచి అంతా విన్నాడు. కత్తెర పట్టుకునే కిందికి వచ్చాడు.

"ఇదీ ఒకందుకు మంచిదే. ఓడ ఆగితే నీ గది నీది, నేను పెళ్ళి ఊసెత్తను. ఆగకపోతే గడియారాలాయనకి సరేనని చెప్తాను. సరేనా?"

మా మేనత్త అప్పుడు ఒక గెలని దూలానికి కడుతోంది. ముడి బిగించి, "సరే," అంది.

అంత తేలిగ్గా ఎందుకందో ఆమెకే తెలీదు. ఇన్నాళ్ళూ ఒక్క గెల కూడా పండకుండా పోలేదు మరి, ధీమా.

ఇక్కడే మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు చేశారు. పెద్దాయన వస్తున్నాడని గదిని శుభ్రం చేశారు.

కిరసనాయిలు కంపు పైకొచ్చి కోట్లకి పడుతోందని మా అమ్మ ఎప్పట్నుంచో గొణుగుతోంది. ఒక పెళ్ళికొడుకు సూటు నుంచి లాంతరు వాసన వచ్చిందని గొడవ కూడా అయ్యింది. ఏజెంటుకి పరువు బాధ. ఆయన కొత్త కరెంటు హీటర్ తెప్పించాడు. పొగ లేదు, మసి లేదు, వాసన లేదు. పాత స్టవ్‌ని ఇనుప సామాన్లవాడికి ఇచ్చేస్తే వాడు వీధిలోనే దాన్ని సుత్తితో నాలుగు ముక్కలు చేసి బండిలో వేసుకున్నాడు. గోడలకి సున్నం కొట్టారు. మా మేనత్త దూలాలు సైతం తుడిచింది. గెలలు దిగాయి, వేలాడాయి. హీటర్ వెలిగింది. గోడమీది థర్మామీటరు ఎప్పుడూ చూపించే వేడినే చూపించింది. తలుపు మూశారు.

మామూలుగా పసుపు తిరగాల్సిన రోజు వచ్చింది. తలుపు తీస్తే, దింపిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆకుపచ్చగా, గట్టిగా, రాళ్ళలా.

"ఓడలో చలి ఎక్కువై ఉంటుంది," అన్నాడు ఏజెంటు. "ఒక్కరోజు చూద్దాం."

మర్నాడూ అంతే. హీటర్ పెంచారు. తొక్కలు వాడాయి గానీ రంగు మారలేదు. ఇంకా పెంచారు. లోపల నిలబడితే చెమటలు పడుతున్నాయి, కాయ నొక్కితే వేలు దిగడం లేదు. మా మేనత్త ఒకదాన్ని ఒలవబోతే తొక్క ఊడి రాలేదు. కత్తితో కోసి నాలుక మీద పెట్టుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"ఏమైంది?" అన్నాడు ఏజెంటు.

"ఏమీ కాలేదు సార్. అదే బాధ."

పోటీలు ఆ వారాంతమే. బడి గోడకి రంగుకాగితాలు అంటించారు. వీధిలో ఎవరు కనిపించినా, "అత్తా, మాకు ఒకటి ఎక్కువ," అనేవాళ్ళే. ఆమె నవ్వి తలూపేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టేది కాదు.  మా నాన్న ఒక పాత సూటుగుడ్డ తీసి బల్లమీద పరిచి, సుద్దముక్కతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఎవరి కొలతలవో మా అమ్మ గుర్తుపట్టింది. గడియారాలాయన పొట్టిచేతుల మనిషి. మా మేనత్త కూడా చూసింది. మెట్లు దిగి వెళ్ళింది.

ఆమె ఆ రోజు గదిలో ఒక్కో గెల దగ్గరా ఆగి, పైనుంచి కిందిదాకా తడుముతూ వచ్చింది. అన్నీ ఒకటే పచ్చ. చిట్టచివర, మెట్లకింద చీకటి మూలన వేలాడుతున్న గెల దగ్గర చెయ్యి ఆగిపోయింది. మెత్తగా తగిలింది. లాంతరు తెచ్చి చూసింది. గెలకి గోడవైపు ఉన్న కాయలు పసుపు తిరిగాయి. ఇటువైపువి పచ్చగానే ఉన్నాయి. హీటర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్నది ఆ మూలే.

ఆమె గెలని పక్కకి జరిపింది. వెనక, గోడకి ఆనించి, దుప్పటి కప్పిన బుట్ట. నిండా ఆపిల్ పళ్ళు. బాగా మాగి, కొన్ని మచ్చపడి, కొన్ని ముడతపడి, మత్తుగా వాసన వేస్తున్నాయి.

"వదినా!"

మా అమ్మ మెట్లమీంచి తల వంచింది. "నేను కాదు," అంది, ఇంకా ఏమీ అడగకుండానే.

"ఈ బుట్ట నీది కాదా?"

"మీ అన్నయ్య కంటబడితే పూటకి నాలుగు తినేస్తాడమ్మా. నువ్వు గది కడుగుతుంటే మెట్లకింద దాచాను. గెలలకి తగలకుండానే పెట్టాను, ఒట్టు. తీసేస్తానులే, కోప్పడకు."

"ముట్టుకోకు."

మా అమ్మ చెప్పేదాన్ని బట్టి, మా మేనత్త ఆ బుట్ట ముందు చతికిలబడి కూర్చుంది. తర్వాత, "ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా వదినా," అంది తనలో తాను అనుకున్నట్టు. మా అమ్మకి అది తనమీద వేసిన చురకేమో అనిపించింది.

"మన వీధిలో ఎవరెవరింట్లో ఆపిల్ పళ్ళున్నాయి?"

"మంచివా?"

"మంచివి వద్దు. పాడవబోయేవి కావాలి."

ఆ పూట వాళ్ళిద్దరూ చెరో బుట్ట పట్టుకుని గడప గడపా తిరిగారు. బాగా మాగిన ఆపిల్ పళ్ళు, మచ్చపడినవి ఉంటే ఇవ్వండి అని. కొందరు జాలిపడి మంచివి ఇవ్వబోయారు, వద్దంటే నొచ్చుకున్నారు. ఒకాయన, "పెద్దాయనకి ఇవి పెడతారా అత్తా?" అని అడిగాడు. పళ్ళ కొట్టువాడు తన చెత్తబుట్ట మొత్తం ఇచ్చేసి, మళ్ళీ తీసుకురానక్కర్లేదన్నాడు. ఊళ్ళో పండత్తకి మతి పోయిందని అనడం మొదలైంది. గడియారాలాయన కొట్టు ముందు నుంచి వెళ్తుంటే ఆయన లేచి, ఏమీ అడక్కుండా, తన బల్లసొరుగులోంచి ముడతపడ్డ ఆపిల్ పండు ఒకటి తీసి బుట్టలో వేశాడు.

గెలల కిందల్లా ఆపిల్ పళ్ళు పేర్చి, హీటర్ మామూలు వేడికి తగ్గించి, తలుపు మూసి, మా మేనత్త గడపకి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. తలుపు సందుల్లో మా నాన్న కొట్లోని గుడ్డపీలికలు కుక్కింది. వాసన బయటికి పోకూడదు. 

తర్వాతెప్పుడో చదువుకున్నవాళ్ళు చెప్పారు, పండే పండు ఒక గాలి వదుల్తుందనీ, పచ్చికాయకి అది తగిలితే తానూ పండుతుందనీ, కిరసనాయిలు పొగలోనూ ఆ గాలే ఉంటుందనీ. ఇన్నాళ్ళూ గెలల్ని పండించింది స్టవ్ వేడి కాదు, మా అమ్మ తిట్టిన ఆ పొగ. అయితే ఆ రోజు స్టూలు మీద కూర్చున్న మనిషికి తెలిసిందల్లా ఒక గెలకి ఒకవైపు పసుపు తిరిగిందని మాత్రమే.

పోటీలకి ముందు రోజు ఏజెంటు కూలీలతో వచ్చాడు.

"తలుపు తీయండమ్మా. పెద్దాయన ఓడ దిగేలోగా ఈ సరుకు సముద్రంలో పారేయిస్తాను. ఓడలో పాడైందని చెప్పుకోవచ్చు. పచ్చికాయలు చూపించామంటే మీ పనీ పోతుంది, నా పనీ పోతుంది."

"రేపు తీస్తాను."

"పండేవైతే ఈపాటికే పండేవి. లేవండి."

"ఇప్పుడు తీస్తే లోపల ఉన్నది బయటికి పోతుంది సార్."

"లోపల ఏముంది?"

మా మేనత్త స్టూలుని తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. కుళ్ళబోయే ఆపిల్ పళ్ళున్నాయని ఎలా చెప్తుంది?

ఏజెంటు మా నాన్న వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. ఇల్లు మీది."

మెట్లమీద అందరూ మా నాన్నని చూశారు. ఆయన ఒక్కమాట అంటే తలుపు తెరుచుకునేది. చెల్లెలి పెళ్ళీ కుదిరిపోయేది. మెడలో వేలాడే టేపు చివర్లు రెండూ సమంగా వచ్చేట్టు లాక్కున్నాడు. చెల్లెలి మొహం చూశాడు. అంతకు ముందెప్పుడూ ఆమె ఆయనవైపు అలా చూడలేదని మా అమ్మ అంటుంది. బతిమాలుతున్నట్టు కాదు, ఊరికే చూస్తోందట.

"పందెం రేపటిదాకా ఉందండీ," అన్నాడు మా నాన్న. "గడువు తీరకుండా తలుపు తీయిస్తే గెలిచినా నాకు మర్యాద కాదు."

ఏజెంటు టోపీ నేలకేసి కొట్టాడు, మళ్ళీ తీసుకుని దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ పెద్దాయన రేవు నుంచి తిన్నగా మా కొట్టుకే వచ్చాడు. లావుపాటి మనిషి, మెట్లు దిగడానికి ఒక చెయ్యి గోడకి, ఇంకోటి ఏజెంటు భుజానికి ఆనించాడు. ఏజెంటు మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మా నాన్న, మా అమ్మ వెనక నిలబడ్డారు. మా మేనత్త పీలికలు ఒక్కోటీ లాగి తీసింది. తాళంచెవి మొదటిసారి దూరలేదు. రెండోసారి తిరిగింది.

ముందు వాసన వచ్చింది. మా అమ్మ ఆ వాసనకే ఏడ్చేసింది. తర్వాత మాత్రం ఆపిల్ ఘాటుకి కళ్ళు మండాయంటూ వచ్చింది. లాంతరు ఎత్తితే గది నిండా పసుపు. అన్నీ కాదు. తలుపు దగ్గరి గెలలు ఇంకా సగం పచ్చ. వేడి ఎక్కువైన రోజుల్లో హీటర్ పక్కన కమిలినవి నల్లబడ్డాయి. మిగతావి నిండుగా, పచ్చటి ముచ్చికలతో, చెయ్యి వేస్తే ఊడొచ్చేలా ఉన్నాయి.

పెద్దాయన కింద పేర్చిన ఆపిల్ పళ్ళని బూటుతో కదిపి చూశాడు. "ఇవేమిటి?"

"తోడు పెట్టానండి," అంది మా మేనత్త.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఒక పండు తుంచి, ఒలిచి, రెండు కొరుకుల్లో తినేసి, తొక్క పెట్టడానికి చోటు దొరక్క ఏజెంటు చేతిలో పెట్టాడు. "గోదాము ఎక్కడ కడదాం?" అన్నాడు. ఏజెంటు ఆ తొక్కని సాయంత్రందాకా పట్టుకునే తిరిగాడని మా మేనత్త చెప్తుంది. మా అమ్మ అంత లేదంటుంది.

ఆ గోదాములో మా మేనత్త తల నెరిసేదాకా పనిచేసింది. నాకు ఊహ తెలిసేటప్పటికి మా ఊళ్ళో అరటిపండు వింతేమీ కాదు. బడి సంచీల్లో, పనివాళ్ళ డబ్బాల్లో, ఆసుపత్రి మంచాల పక్కన, ఎక్కడ చూసినా అదే. ఈ పండు మొదట్నుంచీ ఇక్కడే కాసినట్టు మాట్లాడేవాళ్ళు మావాళ్ళు. ఏ కొత్త వస్తువైనా ఊళ్ళో కుదురుకోవడమంటే బహుశా అదే, అది వచ్చిన రోజు ఎవరికీ గుర్తులేకపోవడం.

ఆటల పోటీల రోజు మాత్రం ఆమెకి బాగా గుర్తు. మైదానం గట్టున బల్ల వేసుకుని, వరసలో వచ్చినవాళ్ళకి ఒక్కో పండు చేతికిస్తోంది. పండినవి ముందు అయిపోతున్నాయి. జనం తోసుకుంటున్నారు. మా నాన్న పక్కన నిలబడి వరస సరిచేస్తూ, పొద్దుట్నుంచీ పెళ్ళి మాట ఎత్తలేదు. వరసలో గడియారాలాయన వంతు వచ్చింది. ఆయన పండు తీసుకుని పక్కకి వెళ్ళాడు, ఒలవబోయాడు, ఆగాడు, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఊరందరికీ పండినవి ఇచ్చి, నాకొక్కడికే పచ్చిది ఇచ్చారేమండీ?" అన్నాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

మా మేనత్త చేతిలో పని ఆపకుండానే అంది, "ఇంతమందిలో తొందరలేని మనిషి మీరొక్కరే కనిపించారండి."